నడుము ఫ్యూజన్ ఆపరేషన్ తర్వాత కొత్త నొప్పి మొదలైతే ఏం చేయాలి

ఆపరేషన్‌కు ముందు లేని చోట నొప్పి పుట్టగానే ఎవరికైనా మొదట వచ్చే భయం ఒకటే: స్క్రూ కదిలిందేమో! నడుము కింది భాగంలో ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అనే పూసల దగ్గర ఫ్యూజన్, అంటే పూసలను స్క్రూలతో బిగించి ఒకే ఎముకలా అతికించే ఆపరేషన్, చేయించుకున్నవాళ్లలో చాలామందికి కోలుకునే నెలల్లో ఏదో ఒక కొత్త నొప్పి వస్తుంది. వాటిలో స్క్రూ వల్ల వచ్చేవి కొన్నే. ఎక్కువసార్లు కారణం కోసిన కండరమో, ఒత్తిడి తగ్గాక రేగిన నరమో, నడుముకూ తుంటికీ మధ్యనున్న కీలో, మాత్రల వల్ల బిగుసుకుపోయిన పొట్టో అవుతుంది. అయితే కొన్ని నొప్పుల విషయంలో గంటలు కూడా విలువైనవే. అందుకే నొప్పి ఎంత ఉందన్నదొక్కటే చూడకూడదు. ఎక్కడ ఉంది, ఎప్పుడు వస్తోంది, రోజురోజుకీ తగ్గుతోందా పెరుగుతోందా అన్నవి అంతకన్నా ముఖ్యం.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి

ఇవి కనబడితే తెల్లవారేదాకా ఆగకండి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేస్తూనే బయలుదేరండి. సొంత బండి లేకపోతే 108కి చేయండి.

మూత్రం వస్తున్నట్టుండి రాకపోవడం, పొట్ట కింద నిండుగా ఉన్నా 6 నుంచి 8 గంటలు పోయలేకపోవడం, లేదా తెలియకుండానే కారిపోవడం. సైకిల్ సీటు ఆనే భాగమంతా, అంటే తొడల మధ్య, మలద్వారం చుట్టూ, మొద్దుబారడం. ఒక పాదం పైకి లేవకుండా వేలాడటం, మోకాలు ఉన్నట్టుండి మడిచిపోవడం. ఈ మూడూ వెన్నులోని నరాల గుత్తి మీద రక్తపు గడ్డో ఇంకేదో ఒత్తుతోందనడానికి గుర్తులు. ఇందులో నొప్పి పెద్దగా లేకపోవచ్చు కూడా. నొప్పి లేదు కదా అని ఆగినవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, గట్టిగా అయి నొప్పి పుడితే అది కాలి సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. ఆ పిక్కను నలపకండి, నూనె రాయకండి. దాంతోపాటు ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే ఇక ఆలోచించేదేమీ లేదు, 108.

కుట్ల నుంచి చీము, చెడు వాసన, 101 డిగ్రీలు దాటిన జ్వరం, వణుకు ఉంటే అదే రోజు చూపించాలి. నీళ్లలాంటి తేట ద్రవం కారడం, లేచి కూర్చోగానే తలనొప్పి వచ్చి పడుకోగానే తగ్గడం వెన్నుద్రవం కారుతోందనడానికి గుర్తు. ఫోన్ చేసి, వాళ్లు రమ్మనేదాకా పడుకునే ఉండండి.

స్క్రూలు సెంట్రింగ్ లాంటివి

స్లాబు పోసేముందే కింద సెంట్రింగ్ కర్రలు నిలబెడతారు. స్లాబు గట్టిపడేదాకా బరువు మోసేది ఆ కర్రలే. వెన్నులో వేసిన స్క్రూలు, రాడ్లు, పూసల మధ్య ఖాళీలో పెట్టిన చిన్న దిమ్మె (కేజ్) చేసేదీ అదే. అసలు స్లాబు మీ ఎముక. అది అతుక్కోవడానికి 6 నెలల నుంచి ఏడాది పడుతుంది. నాలుగో వారానికే హాయిగా నడుస్తున్నారంటే సెంట్రింగ్ గట్టిగా ఉందని అర్థం, స్లాబు ఆరిపోయిందని కాదు. కొత్త నొప్పుల్లో సగం ఈ తేడా మరిచిపోయిన దగ్గర మొదలవుతాయి.

మొదటి రెండు మూడు వారాలు

ఈ రోజుల్లో నడుము నొప్పి పోటు పెట్టినట్టు, బిగదీసినట్టు ఉంటుంది. స్క్రూలు వేయడానికి వెన్నుకు ఇరుపక్కల కండరాలను ఎముక నుంచి విడదీసి గంటల తరబడి పక్కకు లాగి పట్టుకుంటారు. అవి తిరిగి అతుక్కుంటూ పట్టేస్తాయి. మంచం మీద పక్కకు తిరిగేటప్పుడు, దగ్గినప్పుడు ప్రాణం పోయినట్టుండి, కదలకుండా ఉంటే నిమిషాల్లో తగ్గుతుంది. ఇది భయపడాల్సిన నొప్పి కాదు. దగ్గు, తుమ్ము వచ్చేలా ఉంటే ఒక దిండును పొట్టకు గట్టిగా హత్తుకుని మోకాళ్లు కొంచెం వంచండి. తుంటి ఎముక నుంచి ముక్క తీసి పూసల మధ్య పెట్టి ఉంటే ఆ తుంటి దగ్గర విడిగా నొప్పి ఉంటుంది. కొందరికి అది నడుము నొప్పికన్నా ఎక్కువ రోజులే ఉంటుంది.

మంచం మీంచి లేచే పద్ధతి తప్పితే ఈ నొప్పి పదింతలవుతుంది. దుంగలా దొర్లాలి. వెల్లకిలా ఉండి రెండు మోకాళ్లూ వంచండి. భుజాలు, తుంటి, మోకాళ్లు ఒకేసారి కదిలేలా పక్కకు తిరగండి. కాళ్లు మంచం అంచు నుంచి కిందికి జార్చుతూనే, కింది మోచేతితో, పై అరచేతితో మంచాన్ని నెట్టి లేవండి. కాళ్ల బరువే ఒంటిని పైకి లేపుతుంది. ఒక నిమిషం కూర్చుని, తల తిరగడం లేదని చూసుకుని నిలబడండి. చాలామంది చేసే తప్పు ఇంట్లోవాళ్ల చేయి పట్టుకుని లేవడం. వాళ్లు ప్రేమతోనే లాగుతారు, కానీ ఆ లాగుడుకి నడుము మెలి తిరుగుతుంది. సాయం చేసేవాళ్లు చేయి వదిలేసి, భుజం వెనక అరచేయి ఆనించి నెడితే చాలు.

ఐస్ పెట్టాలంటే పలుచని పొడి బట్టలో చుట్టి, కట్టు తడవకుండా 15 నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. వేడి కాపడం కుట్లు తీసి గాయం పూర్తిగా మానాకే, అదీ కుట్ల మీద కాదు, పక్కనున్న కండరాల మీద. మొద్దుబారిన చర్మం మీద వేడినీళ్ల బ్యాగు ఎప్పుడూ వద్దు. కాలుతున్నా తెలియదు. షుగర్ ఉన్నవాళ్లకు అలా పడిన బొబ్బ పుండై నెలల పాటు మానదు.

మాత్రల లెక్క ఇంట్లో ఒకరు చూడాలి. పారాసెటమాల్ పెద్దవాళ్లకు 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. కాలేయం బాగాలేనివాళ్లకు, మద్యం తాగేవాళ్లకు, బరువు బాగా తక్కువున్నవాళ్లకు ఇంకా తక్కువే, అది డాక్టరు చెప్పాలి. చిక్కేమిటంటే అది విడి మాత్రలోనే ఉండదు. ఎసిక్లోఫెనాక్‌తో కలిపిన మాత్రలో సాధారణంగా 325 మిల్లీగ్రాములుంటుంది, ట్రామడాల్ కలిపిన దానిలోనూ అంతే. కొత్త నొప్పి వచ్చిందని మెడికల్ షాపులో ఇంకొకటి తెచ్చి వేసుకుంటే ఒకే మందు మూడు పేర్లతో లోపలికి పోతుంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటివి కడుపునూ కిడ్నీనీ దెబ్బతీయగలవు. ఎక్కువ మోతాదులో ఎక్కువ రోజులు వాడితే ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతుందేమోనని చాలామంది సర్జన్లు వాటిని తగ్గిస్తారు. మీ సర్జన్ రాసినన్ని రోజులే వాడండి. మానసిక సమస్యలకు మందులు వాడుతున్నా, ఫిట్స్ ఉన్నా ట్రామడాల్ మొదలుపెట్టకముందే ఆ సంగతి చెప్పాలి.

ట్రామడాల్ తెచ్చే ఇంకో నొప్పి పొట్టలో ఉంటుంది. మూడు నాలుగు రోజులు మోషన్ కాక, గ్యాస్ పట్టి, ముక్కినప్పుడల్లా నడుములో పోటు వస్తే దాన్ని ఆపరేషన్ నొప్పి అనుకుంటారు. మాత్ర మొదలైన రోజు నుంచే విరేచనానికి మందు అడగండి. లాక్టులోజ్ సిరప్ మామూలుగా రాస్తారు. ఇస్బగోల్ వేసుకుంటే పెద్ద గ్లాసు నిండా నీళ్లు తాగాలి, లేకపోతే అది లోపలే గట్టిపడి ఇంకా బిగిస్తుంది. ఇండియన్ టాయిలెట్‌లో గొంతుక్కూర్చోవద్దు. వెస్టర్న్ లేకపోతే కమోడ్ కుర్చీ అద్దెకైనా తెచ్చుకోండి. స్నానానికి బకెట్‌ను స్టూలు మీద పెడితే మగ్గు ముంచడానికి వంగే పని ఉండదు.

కాల్లోకి దిగే నొప్పి

ఎక్కువమందిని కంగారు పెట్టేది ఇదే. ఆపరేషన్ అవగానే కాలు నొప్పి మాయమవుతుంది. ఇంటికి వచ్చాక, కొన్ని రోజులకో రెండు మూడు వారాలకో, అదే కాల్లో మంట, చీమలు పాకడం, కరెంటు షాక్ కొట్టినట్టు జిల్లుమనడం మొదలవుతుంది. ఆపరేషన్ సమయంలో ఇచ్చిన స్టెరాయిడ్, నొప్పి మందుల ప్రభావం అప్పటికి తగ్గి ఉంటుంది. నెలల తరబడి నలిగిన నరాన్ని విడిపించేటప్పుడు కొంచెం పక్కకు జరపాల్సి వస్తుంది కాబట్టి అది వాస్తుంది. వాచిన నరం చిన్న కదలికకూ అరుస్తుంది. వచ్చిపోతూ, వారం వారం తగ్గుతూ, కాలి బలం తగ్గకుండా ఉంటే ఇది నరం కోలుకునే దారిలో భాగమే. సాధారణంగా ముందు నొప్పి, తర్వాత బలం, ఆఖరున తిమ్మిరి బాగుపడతాయి. దెబ్బతిన్న నరపు పోగు రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పునే పెరుగుతుంది. నడుము నుంచి పాదానికి ఉన్న దూరం తలుచుకుంటే బొటనవేలి తిమ్మిరి ఏడాదికి కూడా ఎందుకు మిగిలి ఉంటుందో అర్థమవుతుంది.

ఈ మంటకు మామూలు నొప్పి మాత్ర పెద్దగా పనిచేయదు. ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ వంటివి రాస్తారు. అవి గంటలో కాదు, రోజుల మీద పనిచేస్తాయి. మొదట్లో మత్తుగా ఉంటుంది కాబట్టి రాత్రి బాత్రూమ్ దారిలో లైటు వేసి ఉంచండి, కాళ్లు తుడుచుకునే పట్టాలు తీసేయండి. బాగుంది కదా అని ఒక్కసారిగా మానకండి. డాక్టరు చెప్పినట్టు మెల్లగా, కనీసం వారం మీద తగ్గించుకోవాలి.

మంట రేగినప్పుడు మంచం మీదే వెల్లకిలా పడుకుని, పిక్కల కింద రెండు మూడు దిండ్లు పేర్చి, తుంటీ మోకాళ్లూ వంగి ఉండేలా 15, 20 నిమిషాలు ఉండండి. పక్కకు పడుకుంటే మోకాళ్ల మధ్యే కాదు, చీలమండల దాకా ఆనేలా పొడవాటి దిండు పెట్టండి. మంచం తలగడకు వాలి, నడుము వంకరగా పెట్టి ఫోన్ చూస్తూ కూర్చోవడం ఈ నొప్పికి అన్నిటికన్నా చెడ్డది. యూట్యూబ్ చూసి కాలికి తువ్వాలు తగిలించి నిటారుగా పైకి లాగే సాగదీతలు మొదటి వారాల్లో వద్దు. లాగుడు పడేది కండరం మీద కాదు, వాచిన నరం మీద.

రెండు సందర్భాలు మాత్రం వేరు. ఒకటి, మత్తు దిగినప్పటి నుంచే మునుపు లేని దారిలో, మునుపు లేని కాల్లో తీవ్రమైన నొప్పి ఉంటే వార్డులోనే గట్టిగా చెప్పండి. స్క్రూ నరానికి ఆనుకుందేమో సీటీ తీస్తే తెలుస్తుంది. రెండు, మొదట్లో పూర్తిగా తగ్గి తర్వాత రోజురోజుకీ పెరుగుతూ పోయే కాలి నొప్పి. దీన్ని వారం రోజులకు మించి ఇంట్లో పెట్టుకోవద్దు.

తొడ బయటి పక్క, ప్యాంటు జేబు ఉండే చోట, చర్మం మొద్దుబారి మంటపుడితే అది వేరే సంగతి. బోర్లా పడుకోబెట్టి గంటల తరబడి ఆపరేషన్ చేసినప్పుడు తుంటి ముందు ఎముక దగ్గర చర్మపు నరం ఒకటి నలుగుతుంది. కాలి బలానికి దానితో సంబంధం లేదు. వారాల్లో, నెలల్లో సర్దుకుంటుంది. నడుము బెల్టు అక్కడ ఒత్తకుండా చూసుకుంటే చాలు.

రోజూ ఒక నిమిషం పరీక్ష

కుర్చీలో కూర్చుని మడమలు నేలకు ఆనించి రెండు పాదాల ముందు భాగాలూ పైకి లేపండి. తర్వాత బొటనవేళ్లు మాత్రమే పైకెత్తండి. ఇంకొకరు వేలితో వాటిని కిందికి నొక్కి చూడాలి. పాదం పైకి లేపడం ఎల్4, ఎల్5 నరాల పని, బొటనవేలు ముఖ్యంగా ఎల్5 పని. నిలబడగలిగే స్థితి వచ్చాక గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేచి చూడండి, అది ఎస్1. మొదటి రోజు ఉన్నంత బలం ఉందా, రెండు వైపులా ఒకేలా ఉందా అన్నదే చూడాల్సింది. నడుస్తుంటే ఒక కాలి చెప్పు తెలియకుండా జారిపోతున్నా అదే హెచ్చరిక. నొప్పి 10కి 8 ఉన్నా బలం నిలకడగా ఉంటే ఫోన్‌లో మాట్లాడవచ్చు. నొప్పి 3 ఉన్నా బలం తగ్గుతుంటే బయలుదేరాలి.

ఆరో వారం తర్వాత

నొప్పి తగ్గింది, కుట్లు మానాయి, ఇంట్లో పని కనిపిస్తోంది. ఇక్కడే కొత్త నొప్పుల రెండో విడత మొదలవుతుంది. వారాల తరబడి పనిలేక సన్నబడ్డ కండరాల మీద ఒక్కరోజులో పాత భారం పడుతుంది. మీ సర్జన్ వేరేగా చెప్పకపోతే మొదటి ఆరు వారాల్లో 2, 3 కిలోలకు మించి ఎత్తకపోవడం మంచిది. ఇంట్లో బరువులు మనం తక్కువగా అంచనా వేస్తాం. 20 లీటర్ల వాటర్ క్యాన్ అంటే 20 కిలోలు. నిండు గ్యాస్ సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి దాదాపు 30. తడి బట్టల బకెట్, బిందె, ఎత్తుకోమని చేతులు చాచే మనవడు కూడా ఈ లెక్కలోకే వస్తారు. బరువు లేకుండా వంగే పనులూ అంతే: పొట్టి చీపురుతో ఊడవడం, ముగ్గు వేయడం, పీట మీద కూర్చుని కూరగాయలు తరగడం.

నడకను మందులా కొలిచి వేసుకోవాలి. ఇంటికి వచ్చిన కొత్తలో 5 నిమిషాలు, రోజుకు 4 నుంచి 6 సార్లు. రెండు మూడు రోజులకొకసారి ఒక్కో నడకకు ఒకటి రెండు నిమిషాలు కలపండి. నడిచాక పెరిగిన నొప్పి గంటలో పాత స్థాయికి వస్తే ఆ కొలత సరిపోయింది. మరుసటి ఉదయానికి కూడా ఎక్కువగానే ఉంటే పూర్తిగా ఆపకండి, సగానికి తగ్గించి రెండు రోజులు చూడండి. పూర్తిగా పడుకుంటే కండరం బిగుసుకుని నాలుగో రోజు లేవడమే కష్టమవుతుంది. కూర్చోవడం 20, 30 నిమిషాలకు మించకుండా చూడండి. చేతులున్న గట్టి కుర్చీ కావాలి, మోకాళ్లు తుంటికన్నా కొంచెం కిందికి ఉండాలి. ఆటో తప్పనిసరైతే మధ్యలో కూర్చుని, స్పీడ్ బ్రేకర్ల దగ్గర నెమ్మది చేయమని ఎక్కేముందే చెప్పండి.

వేలితో చూపించగలిగే నొప్పి

బెల్టు గీతకు కింద, పిరుదు పైన గుంట పడే చోట, ఒకవైపే, ఇదిగో ఇక్కడే అని ఒక వేలితో చూపించగలిగితే అది చాలాసార్లు తుంటి వెనక కీలు నొప్పి. వెన్ను కింద ఉండే త్రికాస్థి అనే ఎముకకూ తుంటి ఎముకకూ మధ్య ఉన్న కీలు ఇది. పైనున్న పూసలు కదలకుండా బిగించాక, ముఖ్యంగా ఎస్1 దాకా ఫ్యూజన్ చేసినప్పుడు, పడే భారం దాని మీదికి పోతుంది. నెలల తర్వాత మొదలవుతుంది. మంచం మీద పక్కకు తిరిగినప్పుడు, కూర్చుని లేచినప్పుడు, ఒంటికాలి మీద నిలబడి ప్యాంటు తొడుక్కున్నప్పుడు గుచ్చుతుంది. పిరుదులోకి, తొడ వెనకకు పాకుతుంది కాబట్టి మళ్లీ సయాటికా, అంటే నరం నలిగి కాల్లోకి దిగే నొప్పి, అనుకుంటారు.

ప్యాంటు, చీర కుచ్చిళ్లు, చెప్పులు అన్నీ కూర్చుని సర్దుకోండి. మెట్లు ఒక్కొక్కటే, బాగున్న కాలు ముందు ఎక్కాలి, నొప్పి ఉన్న కాలు ముందు దిగాలి. దీనికి వాడే బెల్టు వేరు. సన్నగా ఉంటుంది, పొట్ట మీద కాదు, తుంటి చుట్టూ, తొడలు మొదలయ్యే చోటుకు కొంచెం పైన కట్టాలి. నడుము బెల్టును కిందికి జార్చి కడితే ఆ పని చేయదు. ఫిజియోథెరపిస్టు పిరుదు కండరాలకు వ్యాయామం నేర్పితే చాలామందికి తగ్గుతుంది. తగ్గకపోతే ఎక్స్‌రే తెర మీద చూస్తూ కీల్లోకి ఇంజెక్షన్ ఇస్తారు. మందు పడగానే నొప్పి పోతే కారణం అదేనని తేలిపోతుంది.

ఇన్ఫెక్షన్, అతకని ఎముక

రెండో వారం నుంచి నాలుగో వారం మధ్య, తగ్గుతూ వస్తున్న నడుము నొప్పి ఒక్కసారిగా దారి మార్చి పెరగడం మొదలుపెడితే, పడుకున్నా వదలకుండా రాత్రంతా సలుపుతుంటే, జ్వరం లేకపోయినా రక్తపరీక్ష అడగండి. ఒంట్లో వాపును చూపే రెండు రక్తపరీక్షల్లో సీఆర్పీ మామూలుగా రెండు వారాలకల్లా బాగా దిగుతుంది, ఈఎస్‌ఆర్ దిగడానికి ఆరు వారాలైనా పట్టవచ్చు. దిగిన సీఆర్పీ మళ్లీ ఎక్కిందంటే లోపల ఇన్ఫెక్షన్ అనుమానించాలి. ఈ దశలో తెలిసిన షాపులో యాంటీబయాటిక్ తెచ్చి వేసుకోవడం పెద్ద పొరపాటు. తర్వాత కల్చర్ (క్రిమిని పెంచి గుర్తించే పరీక్ష) చేస్తే క్రిమి దొరకకపోవచ్చు, ఏ మందు పనిచేస్తుందో తెలియదు.

ఆరు నెలలు దాటినా నిలబడితే, నడిస్తే నడుము మధ్యలో లోతుగా నొప్పి, పడుకుంటే హాయి అన్నట్టుంటే ఎముక అతుక్కోలేదేమో చూడాలి. అతకని చోట కదలిక మిగిలి, స్క్రూలు వదులవుతాయి, రాడ్ విరగవచ్చు కూడా. మామూలు ఎక్స్‌రేలో బయటపడకపోతే ముందుకూ వెనక్కూ వంగి తీసే ఎక్స్‌రేలు, సీటీ అవసరమవుతాయి. దీనికి మన చేతిలో ఉన్న అతి పెద్ద కారణం పొగాకు. సిగరెట్టే కాదు, బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా, అన్నిటిలోనూ నికోటినే ఉంటుంది. అది ఎముకకు రక్తం సరిగా అందనివ్వదు. తర్వాత అదుపులో లేని షుగర్, తక్కువ విటమిన్ డి.

నూనె మర్దన, నడుము తొక్కించడం, కట్టు కట్టేవాళ్ల దగ్గర పూసలు సర్దించడం ఏడాది లోపు పూర్తిగా మానాలి. ఊరి డాక్టరు దగ్గర వేయించుకునే నొప్పి ఇంజెక్షన్‌లో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజులు బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ షుగర్ పెరిగి, ఇన్ఫెక్షన్ ఉంటే అది కప్పబడిపోతుంది.

ఫోన్‌లో ఎలా చెప్పాలి

“చాలా నొప్పిగా ఉంది సార్” అంటే అవతలివాళ్లకు ఏమీ తెలియదు. ఒక నోటుబుక్కులో రోజుకు రెండుసార్లు ఇలా రాయండి: “ఉదయం 7. ఎడమ పిక్క. మంట. 10కి 5. అరగంట కూర్చున్నాక 7. పడుకుంటే 20 నిమిషాల్లో 4. బొటనవేలి బలం సరిగ్గా ఉంది. జ్వరం లేదు. మోషన్ అయింది.” కుట్లను రోజూ ఒకే వెలుతురులో ఫోటో తీసి ఉంచండి. వరుసగా మూడు రోజులు అంకె పెరుగుతుంటే, లేదా నొప్పి కొత్త చోటికి పాకుతుంటే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఫోన్ చేయండి.

వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ తర్వాత తీసిన మొదటి ఎక్స్‌రే, వేసిన ఇంప్లాంట్ల స్టిక్కర్లున్న కాగితం, వాడుతున్న మాత్రలన్నీ అట్టలతో సహా సంచిలో వేసుకోండి. కొత్త ఎక్స్‌రేను పోల్చి చూడాల్సింది ఆ మొదటి దానితోనే. స్క్రూ జరిగిందో లేదో రెండూ పక్కపక్కన పెడితేనే తేలుతుంది. టైటానియం స్క్రూలతో ఎమ్మారై మామూలుగా తీయవచ్చు, అయినా ఒంట్లో స్క్రూలున్నాయని స్కానింగ్ గదిలోకి వెళ్లేముందు మళ్లీ ఒకసారి చెప్పండి.